ఫార్మాట్ కొట్టించే ముందు ఆ నంబరు చదవండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి. కొత్తగా విండోస్ ఎక్కడం లేదు, లేదంటే ఉన్నదానికి అప్‌డేట్ పడటం లేదు. మన విశాఖలో గాజువాక నుంచి లాసన్స్ బే దాకా రాసినవాళ్లలో చాలామందికి షాపులో చెప్పిన మాట కూడా ఒకటే: 'ఫార్మాట్ కొట్టేద్దాం సార్, గంటలో ఇచ్చేస్తాం.' ఫార్మాట్ తప్పని సందర్భాలు ఉంటాయి, కాదనను. కానీ ఈ ఉత్తరాలన్నీ చదివాక నాకు గట్టిగా అనిపించింది ఏమిటంటే, వీటిలో చాలావాటికి దాని అవసరమే లేదు, స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ నంబరు ఎవరూ చదవలేదంతే. ఆ నంబర్లన్నిటికీ ముందు సున్నా, ఎక్స్ ఉంటాయి. అన్నిచోట్లా అవే కాబట్టి వాటిని వదిలేసి మిగతాది మాత్రమే రాస్తున్నాను.

ప్రశ్న: స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. నా డెస్క్‌టాప్ 2016లో కొన్నది, ఇంటెల్ ఐ5, ఆరో తరం అంటున్నారు. విండోస్ 10కి ఇక సపోర్టు లేదని మెసేజ్ వస్తోంది, 11 వేద్దామంటే ఈ కంప్యూటర్ పనికిరాదంటోంది. బ్యాంకు పనులు, పెన్షన్ పనులు అన్నీ ఇందులోనే. మా అబ్బాయి పడేసి కొత్తది కొనమంటున్నాడు. షాపు కుర్రాడేమో ఏదో కిటుకు చేసి 11 ఎక్కిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు? (కూర్మన్నపాలెం)

జవాబు: పడేయకండి సార్. ఆరో తరం ఐ5 మీ పనులకు ఇప్పటికీ చాలు. 11 ఎందుకు వద్దంటోందంటే, 2021 అక్టోబర్‌లో అది వచ్చినప్పుడే మైక్రోసాఫ్ట్ కొన్ని షరతులు పెట్టింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, యూఈఎఫ్ఐ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే బయోస్‌కు కొత్త రూపం), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే తనిఖీ), టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, వీటితో పాటు ప్రాసెసర్ ఇంటెల్‌దైతే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతది కావాలి. మీ బయోస్‌లో పీటీటీ అనే ఆప్షన్ ఉంటే దాన్ని ఆన్ చేసి టీపీఎం తెప్పించుకోవచ్చు, కానీ ప్రాసెసర్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు, దాన్ని ఏ సెట్టింగూ మార్చలేదు.

షాపు కుర్రాడు చెప్పిన కిటుకు అబద్ధం కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ తనిఖీలు జరగకుండా చేస్తారు, 11 ఎక్కుతుంది, చాలావరకు నడుస్తుంది కూడా. అయితే అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది. 2024లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చినప్పుడు బాగా పాత ప్రాసెసర్లు కొన్నింటిలో అది అసలు బూట్ కాలేదు. మీది అంత పాతది కాదు, కానీ రేపు ఏ వెర్షన్ దగ్గర ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. పిల్లలు గేములు ఆడుకునే సిస్టమ్ అయితే సరే కానివ్వండి అనేవాణ్ణి. పెన్షన్ అకౌంటు తెరిచేదానిలో మాత్రం వద్దు.

మీకు దారులు రెండున్నాయి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, కానీ ఇళ్లలో వాడుకునేవాళ్ల కోసం భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించే పథకం ఒకటి పెట్టారు, పేరు ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే 'ఎన్‌రోల్ నౌ' అని కనిపిస్తుంది. కనిపించకపోతే మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అవునో కాదో చూడండి, అది కాకపోతే ముందు అక్కడిదాకా అప్‌డేట్ చేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ అయ్యేలా పెట్టుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, బ్యాకప్ ఇష్టం లేకపోతే అదే అకౌంటుతో 30 డాలర్లకు సమానమైన మొత్తం ఒకసారి కట్టాలి. ఎవరైనా షాపులో ఇంతకంటే ఎక్కువ అడిగితే ఇవ్వకండి, ఇది మీ ఇంట్లో కూర్చుని మీరే చేసుకునే పని.

రెండోది లైనక్స్ మింట్. ఇది ఉచితం, 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది, చూడటానికి మీకు అలవాటైన విండోస్‌కు దగ్గరగానే ఉంటుంది, తెలుగులో టైపు చేసుకోవచ్చు. దీనిలో నాకు నచ్చిన విషయం ఏమిటంటే ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు, మీ డిస్కు మీద అక్షరం కూడా మారదు. అలా నడిపి మీ బ్యాంకు సైటు తెరవండి, మీ ప్రింటర్‌తో ఒక కాగితం తీయండి, వీడియో కాల్ చేసి మాట్లాడండి. డిజిటల్ సంతకం టోకెన్ లాంటిది వాడుతుంటే అది అందుతోందో లేదో కూడా అప్పుడే చూడండి. అన్నీ పనిచేస్తే పూర్తిగా ఎక్కించండి, ఏదైనా పనిచేయకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ విండోస్‌లోకి వెళ్లిపోండి.

ఒక్క ఖర్చు మాత్రం పెట్టమంటాను. 2016 నాటి సిస్టమ్ కాబట్టి అందులో తిరిగే హార్డ్‌డిస్కే ఉండే అవకాశం ఎక్కువ. దాని స్థానంలో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించండి. మీరు ఏ దారి ఎంచుకున్నా, కంప్యూటర్ వేగంలో తేడా మొదటిరోజే తెలుస్తుంది. పాత డిస్కును పారేయకుండా ఫొటోల కోసం రెండో డిస్కుగా ఉంచుకోండి.

ప్రశ్న: బీటెక్ చదువుతున్నాను. డబ్బు కలిసొస్తుందని విండోస్ లేని ల్యాప్‌టాప్ కొన్నాను, ఇంటెల్ 12వ తరం. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ 11 ఎక్కిస్తుంటే డిస్కు ఎంచుకునే దగ్గర లిస్టు ఖాళీగా ఉంది. డ్రైవ్‌లేవీ దొరకలేదంటోంది. ఎస్‌ఎస్‌డీ పోయిందని షాపులో అన్నారు. మా ఫ్రెండ్ డెస్క్‌టాప్‌లోనేమో డిస్కు కనిపిస్తుంది కానీ దాని విభజన పాత పద్ధతి ఎంబీఆర్‌లో ఉంది, కొత్త పద్ధతి జీపీటీ కావాలని ఆపేస్తోంది. (మధురవాడ)

జవాబు: నీ ఎస్‌ఎస్‌డీ పోయి ఉండకపోవచ్చు తమ్ముడూ, అప్పుడే కొత్తది కొనకు. ముందు బయోస్‌లోకి వెళ్లి అక్కడ ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోందేమో చూడు. కనిపిస్తే డిస్కు బాగానే ఉన్నట్టు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు ఆన్ చేసి పంపుతున్నారు. డిస్కుకు, విండోస్‌కు మధ్యలో అది ఉంటుంది, దాని డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లో లేకపోతే అవతల ఉన్న డిస్కు కనిపించదు. నీ ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మోడల్ నంబరు కొట్టి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్ దించుకో. అది మామూలుగా సెటప్ ఫైలుగా వస్తుంది, దాన్ని అలాగే పెన్‌డ్రైవ్‌లో పడేస్తే ఇన్‌స్టాలర్ గుర్తుపట్టదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వేరే కంప్యూటర్‌లో విప్పి, లోపలి ఫైళ్లున్న ఫోల్డర్‌ను అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టు. ఖాళీ లిస్టు వచ్చినచోట 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే డిస్కు వెంటనే ప్రత్యక్షమవుతుంది.

బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేసినా డిస్కు కనిపిస్తుంది. నీది ఖాళీ ల్యాప్‌టాప్ కాబట్టి అలా చేసినా నష్టం లేదు. అయితే ఈ సలహా విని, ఇప్పటికే విండోస్ నడుస్తున్న ల్యాప్‌టాప్‌లో ఎవరైనా ఆఫ్ చేస్తే ఆ విండోస్ బూట్ కాకుండా నీలం తెర వస్తుంది. కంగారుపడి ఫార్మాట్ చేయొద్దు, మళ్లీ ఆన్ చేస్తే ఎప్పటిలా వచ్చేస్తుంది.

ఇక మీ ఫ్రెండ్ సంగతి. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే జనం ఎక్కువగా డేటా పోగొట్టుకునేది సరిగ్గా ఈ స్క్రీన్ దగ్గరే. ఆ స్క్రీన్ మీద సి డ్రైవ్, డి డ్రైవ్ అని అక్షరాలు కనిపించవు. 'డ్రైవ్ 0 పార్టిషన్ 1', 'డ్రైవ్ 0 పార్టిషన్ 2' అని వరుసగా ఉంటాయి, పక్కన సైజు ఉంటుంది. మొదటిది 100 నుంచి 500 ఎంబీ ఉండే చిన్నది, దాని కింద పాత విండోస్ ఉన్నది, ఆ కింద ఇంటిల్లిపాది ఫొటోలూ ప్రాజెక్టులూ ఉన్న డి డ్రైవ్. మూడూ ఒకే బూడిదరంగు బొమ్మతో ఒకేలా ఉంటాయి. ఏది ఏదో గుర్తుపట్టడానికి ముఖ్యమైన ఆధారం సైజే కాబట్టి, పాత విండోస్ ఇంకా తెరుచుకుంటున్నప్పుడే ఏ డ్రైవ్ ఎన్ని జీబీలో కాగితం మీద రాసుకుని కూర్చోవాలి. రెండో డిస్కు ఉంటే కేబుల్ పీకి పక్కన పెట్టేయడం ఇంకా మేలు.

జీపీటీకి మార్చడానికి షాపుల్లో మామూలుగా కొట్టే కమాండ్ 'క్లీన్'. దాంతో ఒక్క సి డ్రైవ్ కాదు, మొత్తం డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది, డి డ్రైవ్ కూడా. కొట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసు, ఒప్పుకునేవాళ్లకే తెలియదు. మీ ఫ్రెండ్ సిస్టమ్‌లో విండోస్ 10 ఇంకా నడుస్తుంటే అందులోనే 'ఎంబీఆర్2జీపీటీ' అనే పనిముట్టు ఉంది, డేటా ముట్టుకోకుండా మారుస్తుంది. దానికి డిస్కులో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఉండకూడదు, మార్చాక బయోస్‌లో లెగసీ అనే పాత బూట్ పద్ధతి తీసి యూఈఎఫ్ఐ పెట్టుకోవాలి. డేటా పోదని చెప్పినా ముందు బ్యాకప్ తీయమను. మధ్యలో కరెంటు పోతే ఏ పనిముట్టూ హామీ ఇవ్వలేదు.

ప్రశ్న: స్థలం చాలదంటూ 80070070 వస్తోంది. సి డ్రైవ్‌లో 6 జీబీ ఖాళీ చూపిస్తోంది, అప్‌డేట్ సైజు అంతకంటే తక్కువే కదా? (కంచరపాలెం)

జవాబు: దించుకునే ఫైలు వేరు, దాన్ని విప్పుకోవడానికీ, తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి పాత విండోస్‌ను దాచుకోవడానికీ కావలసిన చోటు వేరు. పెద్ద వెర్షన్ మార్పుకు కనీసం 20 జీబీ ఖాళీ ఉంచండి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ తెరిచి పాత అప్‌డేట్ల చెత్త తీసేయండి. అక్కడ 'డౌన్‌లోడ్స్' పక్కన టిక్కు ఉంటే మాత్రం ఆ టిక్కు తీసేయండి, అందులో మీ సొంత ఫైళ్లు ఉంటాయి.

ప్రశ్న: స్కూల్ టీచర్‌ని. విండోస్ 10 నుంచి 11కి మారుతుంటే సాయంత్రమంతా తిరిగి తిరిగి డెబ్బై శాతం దాటాక రీస్టార్ట్ అయి, 'మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం' అని మళ్లీ పాత విండోస్‌కే వచ్చేస్తోంది. చివర్లో సి1900101 అని, పక్కన 30018 అని వస్తోంది. కంప్యూటర్ అన్ని అర్హతలూ పాసైంది. ప్రతి ఆదివారం ఇదే తంతు, టెన్షన్‌తో తలనొప్పి వస్తోంది. (గాజువాక)

జవాబు: టీచరు గారూ, మీరు రెండు నంబర్లూ రాసి పంపడం వల్ల సగం పని అయిపోయింది. సి1900101 అంటే దాదాపు ఎప్పుడూ డ్రైవర్ గొడవే. ఏదో ఒక పరికరం తాలూకు పాత డ్రైవర్ కొత్త విండోస్‌లో నిలబడలేక కూలిపోతోంది, ఇన్‌స్టాలర్ భయపడి మిమ్మల్ని క్షేమంగా వెనక్కి తెచ్చేస్తోంది. రెండో నంబరు ఏ దశలో కూలిందో చెబుతుంది. 2తో మొదలైతే విండోస్ బయట నుంచి ఫైళ్లు మారుస్తున్నప్పుడు, 3తో మొదలైతే కొత్త విండోస్ మొదటిసారి లేచి మీ పరికరాలను గుర్తుపడుతున్నప్పుడు, 4 అయితే ఆ తర్వాతి బూట్‌లో. మీది 3.

కాబట్టి ముందు కీబోర్డు, మౌసు తప్ప అన్నీ పీకేయండి. ప్రింటర్, వెబ్‌క్యామ్, వైఫై డాంగిల్, మెమరీ కార్డు, ఎక్స్‌టర్నల్ డిస్కు, అన్నీ. విండోస్‌తో వచ్చిన డిఫెండర్ కాకుండా వేరే యాంటీవైరస్ ఉంటే ఆఫ్ చేస్తే సరిపోదు, తీసేయాలి, ఎందుకంటే దాని డ్రైవర్లు లోపల అలాగే ఉండిపోతాయి. వీపీఎన్ ఉన్నా అంతే. ఎప్పుడో వాడి వదిలేసిన పరికరాల సాఫ్ట్‌వేర్ కూడా చూడండి, వాటి డ్రైవర్ ఇంకా ప్రతి బూట్‌లోనూ లోడ్ అవుతుండొచ్చు. గ్రాఫిక్స్, వైఫై, సౌండ్ డ్రైవర్లు కంపెనీ సైటు నుంచి కొత్తవి వేసుకోండి. 'డ్రైవర్ బూస్టర్' తరహా పేర్లతో కనిపించే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోవద్దు, మీ బోర్డుకు సరిపోని డ్రైవర్ పడితే కొత్త గొడవ మొదలవుతుంది.

తర్వాత విండోస్ అప్‌డేట్ నుంచి కాకుండా మైక్రోసాఫ్ట్ సైటు నుంచి 11 ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ మొత్తం ఉన్న ఒకే ఫైలు) దించుకుని, డబుల్ క్లిక్ చేసి తెరిచి, అందులోని సెటప్ నడపండి. ఫైళ్లూ ప్రోగ్రాములూ అలాగే ఉంచమనే ఆప్షన్ ఎంచుకోండి. అప్పటికీ వెనక్కి వచ్చేస్తే సెటప్‌డయాగ్ అని మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఉచిత పనిముట్టు ఉంది. ఇన్‌స్టాలర్ రాసిపెట్టుకున్న లాగ్ ఫైళ్లన్నీ అది చదివి చిన్న రిపోర్టు ఇస్తుంది. చాలాసార్లు కూలిన డ్రైవర్ పేరే అందులో ఉంటుంది. ఆ రిపోర్టు నాకు పంపండి, వచ్చే సంచికలో చూద్దాం. ఆలోపు ఫార్మాట్ మాత్రం వద్దు, మీ ప్రశ్నపత్రాలూ మార్కుల పట్టికలూ అన్నీ అందులోనే ఉన్నాయి కదా.

ప్రశ్న: అప్‌డేట్‌తో పాటు బయోస్ అప్‌డేట్ కూడా వచ్చింది. అప్పట్నుంచి నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. మేం ఎప్పుడూ ఏ కీ పెట్టలేదు. పాప పుట్టినప్పటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. హ్యాక్ అయిందా? (గోపాలపట్నం)

జవాబు: హ్యాక్ కాలేదమ్మా. అది బిట్‌లాకర్. డిస్కులో ఉన్నదంతా తాళం వేసి ఉంచుతుంది, ఆ తాళంచెవి టీపీఎం దగ్గర ఉంటుంది. బయోస్ మారగానే ఇది అదే కంప్యూటరా అని టీపీఎంకు అనుమానం వచ్చి కీ అడుగుతోంది. మీరు పెట్టకపోయినా, కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే ఇది చాలాసార్లు దానంతటదే ఆన్ అయిపోతుంది. అప్పుడు కీ ఆ అకౌంటులోనే దాచిపెడుతుంది.

ఫోన్లో బ్రౌజర్ తెరిచి మైక్రోసాఫ్ట్ అకౌంటులో లాగిన్ అవ్వండి. డివైజెస్ కింద మీ ల్యాప్‌టాప్ పేరు, దాని దగ్గర బిట్‌లాకర్ కీలు కనిపిస్తాయి. నీలం స్క్రీన్ మీద 'కీ ఐడీ' అని ఉంటుంది, దాని మొదటి ఎనిమిది అక్షరాలు అకౌంటులో ఉన్నదానితో సరిపోల్చి, ఆ వరుసలోని 48 అంకెలు కొట్టండి.

మీ అకౌంటులో కీ లేకపోతే ఈ మాట జాగ్రత్తగా వినండి. ల్యాప్‌టాప్ కొన్నరోజు మొదటిసారి ఆన్ చేసి సెట్ చేసింది ఎవరు? షాపులో కుర్రాడు తన ఈమెయిల్‌తో చేసి ఇచ్చి ఉంటే కీ అతని అకౌంటులో ఉంటుంది. మీవారి ఆఫీసు అకౌంటుతో చేసి ఉంటే ఆ ఆఫీసు ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. మరిది గారు చేసి ఉంటే ఆయన అకౌంటులో. ఒక్కొక్కరినీ అడగండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఈలోగా ఎవరైనా బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి ఉంటే తిరిగి ఆన్ చేసి చూడండి, కొన్నిసార్లు అంతటితో అడగడం మానేస్తుంది.

కీ ఎక్కడా దొరక్కపోతే ఆ ఫొటోలు తెరవడానికి దారి లేదు. మైక్రోసాఫ్ట్ కూడా ఆ కీ మళ్లీ తయారు చేసి ఇవ్వలేదు. 'మేం తీసి పెడతాం' అని వేలల్లో అడిగేవాళ్లు మీ దగ్గరికి వస్తారు, నమ్మకండి, డబ్బు ఇవ్వకండి. కీ కోసం వెతకడం పూర్తయ్యేదాకా ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. కీ ఆరు నెలల తర్వాత దొరికినా ఫొటోలు వస్తాయి, ఒకసారి ఫార్మాట్ చేశాక దొరికితే ఏం లాభం ఉండదు.

ఇది చదువుతున్న మిగతావాళ్లు ఈ సాయంత్రమే మీ కీ ఎక్కడుందో చూసి, ఒక కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి.

ప్రశ్న: కేబీ5034441 అనే అప్‌డేట్‌కు 80070643 ప్రతి నెలా వస్తోంది, మిగతా అప్‌డేట్లు మాత్రం పడుతున్నాయి. బిట్‌లాకర్ వాడటం లేదు. (అనకాపల్లి)

జవాబు: మీరు రాసిన కేబీ5034441 అన్నది 2024 జనవరిలో వచ్చింది. రికవరీ పార్టిషన్‌లో (విండోస్ రిపేరు కోసం డిస్కులో విడిగా ఉంచిన భాగంలో) 250 ఎంబీ ఖాళీ లేకపోతే ఈ నంబరుతో ఆగిపోతుంది. ఇది చాలామందికి వచ్చిన సమస్య, మీ కంప్యూటర్ జబ్బు కాదు. పార్టిషన్ పెంచడానికి మైక్రోసాఫ్ట్ పద్ధతి ఇచ్చింది కానీ అందులో కమాండ్లు తేడా వస్తే డిస్కుకే ప్రమాదం. మీరు బిట్‌లాకర్ వాడటం లేదన్నారు కాబట్టి వదిలేయండి, ఆ అప్‌డేట్ ముఖ్యంగా బిట్‌లాకర్ తాళాన్ని పక్కదారిన దాటకుండా ఆపడానికి ఇచ్చింది.

ప్రశ్న: బీచ్‌కు దగ్గర్లో ఇల్లు. డెస్క్‌టాప్‌లో విండోస్ ఎక్కిస్తుంటే ఒకసారి 12 శాతం దగ్గర, ఒకసారి 60 దగ్గర ఆగిపోతోంది. ఒకసారి 80070570, ఒకసారి 8007000డి. పెన్‌డ్రైవ్ మార్చినా అంతే. (లాసన్స్ బే కాలనీ)

జవాబు: ప్రతిసారీ ఒకేచోట ఆగితే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాలి, ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే వస్తువును అనుమానించాలి. మీరు రాసిన రెండు నంబర్ల సారాంశం ఒకటే, ఫైలు చదివాను కానీ లోపలిది పాడైపోయి ఉంది అని. ఫైలు పాడవడానికి అవకాశం ఉన్న చోట్లు నాలుగు: దించుకున్న ఐఎస్ఓ, పెన్‌డ్రైవ్, ర్యామ్, డిస్కు. ఐఎస్ఓ సరిగ్గా దిగిందో లేదో తెలుసుకోవడానికి మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ పేజీలోనే హ్యాష్ విలువలు (ఫైలుకు వేలిముద్ర లాంటివి) ఇస్తారు, పోల్చి చూడండి. పెన్‌డ్రైవ్ ఫుట్‌పాత్ మీద చవగ్గా కొన్న '64 జీబీ' రకమైతే దాన్ని ఈ పనికి వాడొద్దు, అలాంటివాటిలో అసలు చోటు తక్కువ ఉండి పైకి ఎక్కువ చూపించేవి ఉంటాయి. మీరు మార్చి చూశారు కాబట్టి నా అనుమానమంతా ర్యామ్ మీదే.

మన బీచ్ పక్క ఇళ్లలో కిటికీ చువ్వలూ బోల్టులూ ఎలా తుప్పు పడతాయో మీకు చెప్పక్కర్లేదు, ఆ ఉప్పుగాలి క్యాబినెట్ లోపలికీ వెళుతుంది. కరెంటు ఆపి, వైరు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకున్నాక పక్క పలక తీయండి. ర్యామ్ చివర్లలో ఉన్న క్లిప్పులు నొక్కితే అదే పైకి లేస్తుంది. వెలుతురులో పట్టుకుని అడుగు అంచు చూడండి. అక్కడ వరుసగా ఉన్న బంగారు రంగు పళ్లు తళతళలాడాలి. వాటి మీద మసకగా, గోధుమ రంగులో పొర ఉన్నా, చివర్లలో ఆకుపచ్చ చుక్కలు ఉన్నా దొంగ దొరికినట్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో ఒకే దిశలో తుడవండి. అది లేకపోతే పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రుద్ది, రబ్బరు పొడి మిగలకుండా దులపండి. నోటితో ఊదొద్దు, తడి చేరుతుంది. ర్యామ్‌లు రెండుంటే ఒకటే పెట్టి ఇన్‌స్టాల్ చేసి చూడండి, ఆగితే దాన్ని తీసి రెండోది పెట్టండి. ఒకదానితో పూర్తయితే ఇంకొకటి పోయినట్టు. రెండింటితోనూ ఆగితే అప్పుడు డిస్కు సంగతి చూద్దాం.

ప్రశ్న: అప్‌డేట్ కొడితే 80072ఎఫ్8ఎఫ్. బ్యాంకు సైట్లు కూడా సురక్షితం కాదంటున్నాయి. (తగరపువలస)

జవాబు: కింద కుడివైపు తేదీ చూడండి. ఏదో పాత సంవత్సరం చూపిస్తుంటే మదర్‌బోర్డు మీద నాణెం సైజు సెల్లు అయిపోయినట్టు. సీఆర్2032 అని అడిగితే వాచీ షాపులోనూ దొరుకుతుంది. తేదీ తప్పయితే సర్టిఫికెట్ల గడువు లెక్క తప్పుతుంది, అందుకే అప్‌డేటూ, బ్యాంకూ రెండూ ఒప్పుకోవడం లేదు.

ప్రశ్న: డీటీపీ సెంటర్ మాది. విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ మీద పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకు అనూ ఫాంట్లు. పెళ్లికార్డులు, కరపత్రాలు, గుడి పుస్తకాలు అన్నీ అందులోవే. మదర్‌బోర్డు మొరాయిస్తోంది. కొత్త కంప్యూటర్‌లో విండోస్ 11 వేసి పాతవన్నీ ఎక్కించాలంటే కుదరడం లేదు. (అల్లిపురం)

జవాబు: ఇన్నేళ్ల పని ఒక్క డిస్కులో ఉంది, కాబట్టి మిగతా అన్నిటికంటే ముందు ఆ డిస్కుకు పూర్తి నకలు తీయండి. ఫైళ్లు కాపీ చేయడం కాదు, మొత్తం డిస్కును ఉన్నది ఉన్నట్టు ఇమేజ్ తీయాలి, క్లోనెజిల్లా అనే ఉచిత పనిముట్టు ఆ పని చేస్తుంది. పాత హార్డ్‌డిస్కు ఎప్పుడు ఆగిపోతుందో చెప్పి ఆగదు.

కొత్తదానిలో ఎందుకు ఎక్కదంటే, విండోస్ 11 పూర్తిగా 64 బిట్‌ది. ఆ కాలం నాటి సాఫ్ట్‌వేర్లు కొన్నింటి లోపలి ముక్కలు, కొన్నింటి సెటప్ ఫైళ్లు 16 బిట్‌వి, 64 బిట్ విండోస్ వాటిని అసలు తెరవదు. మీ ఫాంట్లు పనిచేయడానికి కంప్యూటర్‌కు తగిలించే తాళం (డాంగిల్) ప్రింటర్ పోర్టుకు పెట్టే రకమైతే కొత్త బోర్డు మీద ఆ పోర్టే ఉండదు. తాళం యూఎస్‌బీదైతే ఒక దారి ఉంది. కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, దానిలో మీ ఎక్స్‌పీని లోపలి కంప్యూటర్‌లా నడిపి, తాళాన్ని దానికి అప్పగించొచ్చు. చేయగలిగినవాళ్ల చేత చేయించండి, పాత సిస్టమ్ బతికుండగానే చేయించండి.

ఎక్స్‌పీకి సపోర్టు 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది. దాన్ని నెట్‌కు అస్సలు కలపొద్దు. వాట్సాప్‌లో వచ్చే మ్యాటర్, ఈమెయిళ్లు కొత్తదానిలో తీసుకుని, స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్‌తోనే అటు ఇవ్వండి. కొత్తగా వచ్చే పుస్తకాలను మాత్రం ఇవాళ్టి నుంచే యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతిలో) కట్టండి. అనూలో కట్టిన పేజీని ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంకాని గుర్తులే వస్తాయి, వెతికితే ఒక్క మాటా దొరకదు. పాత గుడి పుస్తకాలు ఎవరైనా మళ్లీ అడిగినప్పుడల్లా ఆ ఒక్కదాన్ని యూనికోడ్‌కు మార్చి, చదివి దిద్దుకుని పెట్టుకుంటూ వెళ్లండి. మార్చే పనిముట్లు ఒత్తుల దగ్గర తప్పులు చేస్తాయి, కాబట్టి ప్రూఫు చూడాల్సిందే. ఇది మీ ఒక్కరి వ్యాపారం సంగతి మాత్రమే కాదు, ఆ ఊళ్ల స్థలపురాణాలు కొన్ని మీ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేకపోవచ్చు.

ప్రశ్న: అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది. ఇప్పుడు కంపెనీ గుర్తు దగ్గర చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. (పెందుర్తి)

జవాబు: ముందు డిస్కు లైటు చూడండి. మిణుకుమిణుకుమంటుంటే పని జరుగుతోంది, పాత హార్డ్‌డిస్కులో ఇది గంటల తరబడి పట్టొచ్చు, రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి కూడా అలాగే ఉంటే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేసి, చుక్కలు రాగానే మళ్లీ ఆపండి. వరుసగా రెండుసార్లు బూట్ తప్పితే రికవరీ స్క్రీన్ దానంతటదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ముందు 'స్టార్టప్ రిపేర్', అది కుదరకపోతే 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్'లో చివరగా వచ్చిన క్వాలిటీ అప్‌డేట్ తీసేయండి. మీ ఫైళ్లకు ఏమీ కాదు. అదే మెనూలో 'రీసెట్' కూడా ఉంటుంది, దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ఇకముందు అక్టోబర్, నవంబర్ నెలల్లో తుఫాను హెచ్చరిక రాగానే సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను ఒక వారం పాజ్ చేసేయండి, ఐదు వారాల దాకా ఆపుకునే వీలుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మన ఊళ్లో కరెంటు కోసం ఎన్ని రోజులు చూశామో మీకూ గుర్తుండే ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి, బ్యాటరీ నిండాకే అప్‌డేట్ మొదలుపెట్టండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉన్నా దాని బ్యాటరీ పాతదైతే కరెంటు పోయిన నిమిషంలోనే చేతులెత్తేస్తుంది, ఏ పనీ లేనప్పుడు ఒకసారి ప్లగ్ పీకి ఎంతసేపు నిలుస్తుందో చూసుకోండి.